చిత్రకథా శిల్పి జాక్ కిర్బీ

అమెరికాలో 1960వ దశకపు వేసవి సెలవులు బాలబాలికలకు ఒక ప్రత్యేకమైన కానుకను తెచ్చేవి. నెలనెలా వెలువడే బొమ్మల కథల పుస్తకం వెల 12 సెంట్లు ఉన్న కాలమది. వేసవి రాగానే అంతకు రెట్టింపు పుటలతో, 25 సెంట్ల వెలతో వార్షిక సంచికలు దుకాణాలలో కనిపించేవి. 1960లో సూపర్‌మాన్ తొలి వార్షిక సంచిక 80 పుటలతో వెలువడింది. అందులోని కథలన్నీ పాతవే. అయినా పాఠకులు దానిని ఎంతగా ఆదరించారంటే ఆ సంవత్సరమే రెండవ సంచికను కూడా ప్రచురించవలసి వచ్చింది. మూడేళ్ళ తరువాత, 1963లో, మార్వెల్ సంస్థ తన ఫెంటాస్టిక్ ఫోర్ వీరుల పేర వార్షిక సంచికను తెచ్చింది. దాని పుటలు 72. పాత కథల పునర్ముద్రణతో సరిపెట్టక, అందులో 37 పుటల సరికొత్త కథను అందించారు. సముద్రగర్భంలోని తన రాజ్యాన్ని తిరిగి పొందిన నేమర్ అనే రాజు మానవజాతిపై దండెత్తడం అందలి ఇతివృత్తం. ఆ 37 పుటలకు రూపకల్పన చేసిన చిత్రకారుడు జాక్ కిర్బీ.

ఆ సంచికలను నాడు పెట్టెల అడుగున దాచుకొన్న పిల్లలే పెరిగి పెద్దవారై, లేనివాటి కోసం ఊరూరా వెదకే సేకర్తలయ్యారు. వారు ప్రాణప్రదంగా దాచుకొన్న ఆ బొమ్మల మూలప్రతులు మాత్రం వాటిని గీసినవాని ఇంట లేవు. కిర్బీ జీవితాన్ని తెలుసుకోవాలంటే ఈ వైపరీత్యాన్ని ఆది నుండీ దృష్టిలో ఉంచుకోవాలి.

ఆయన అసలు పేరు జేకబ్ కుర్ట్స్‌బర్గ్. 1917 ఆగస్టు 28వ తేదీన న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్ అనే పేదల వాడలో జన్మించారు. తల్లిదండ్రులు ఆస్ట్రియా నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి దుస్తుల కర్మాగారంలో శ్రమించి కుటుంబాన్ని పోషించేవాడు. ఇరుకు గదులు, క్రిక్కిరిసిన వీధులు, ఒక వీధి పిల్లలకూ మరొక వీధి పిల్లలకూ నిత్యం ముష్టియుద్ధాలు - ఇదీ ఆయన బాల్యం. ఆయన చిత్రాలలోని యుద్ధఘట్టాలు అంత సహజంగా ఉండటానికి ఈ వీధి పోరాటాలే కారణమని విమర్శకులు భావిస్తారు. గురుముఖతః చిత్రకళ నేర్చుకొనే భాగ్యం ఆయనకు దాదాపు లేదనే చెప్పాలి. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళాశాలలో చేరి వారం తిరగక ముందే మానివేసినట్లు తానే చెప్పుకొన్నారు. పత్రికలలోని బొమ్మలను చూచి, చలనచిత్రాలను చూచి, స్వయంకృషితో గీత నేర్చారు.

1930వ దశకం మధ్యలో ఫ్లైషర్ స్టూడియోలో చేరి, పొపాయ్ యానిమేషన్ చిత్రాలకు ఒక భంగిమకూ మరొక భంగిమకూ నడుమ వచ్చే బొమ్మలను గీశారు. అది కర్మాగారంలో పని వంటిదే. తండ్రి పడిన పాట్లే తనకూ వచ్చాయనిపించి అక్కడ నుండి బయటపడ్డారు. తరువాత బొమ్మల కథల పుస్తకాలను తయారుచేసే చిన్న చిన్న సంస్థలలో పనిచేస్తూ, అనేక కలంపేర్లు పెట్టుకొని, చివరకు జాక్ కిర్బీ అనే పేరును స్థిరపరచుకొన్నారు. ఆ రోజులలోనే జో సైమన్ అనే రచయిత, చిత్రకారునితో స్నేహం కుదిరింది.

వీరిద్దరూ కలిసి సృష్టించిన వీరుడు కెప్టెన్ అమెరికా. తొలి సంచిక 1940 డిసెంబరులో వెలువడింది. అప్పటికి అమెరికా ఇంకా రెండవ ప్రపంచయుద్ధంలో ప్రవేశించలేదు. అయినా ముఖచిత్రంలో కథానాయకుడు హిట్లర్ దవడపై పిడికిలితో గ్రుద్దుతుంటాడు! యూదు కుటుంబంలో పుట్టిన యువకుడు గీసిన ఆ బొమ్మ వెనుక ఎంతటి ఆగ్రహం దాగి ఉన్నదో మనం ఊహించవచ్చు. ఆ సంచిక లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అమెరికాలోని నాజీ పక్షపాతులు బెదిరింపు ఉత్తరాలు వ్రాశారు. కార్యాలయానికి పోలీసు రక్షణ కల్పించవలసి వచ్చిందనీ, నగర మేయరు లాగార్డియా స్వయంగా ఫోనులో ధైర్యం చెప్పారనీ సైమన్ తరువాతి కాలంలో వెల్లడించారు. ఇంత పేరు వచ్చినా, ఒప్పుకొన్న లాభాల వాటా తమకు సరిగా అందడం లేదని మిత్రులిద్దరూ ఆ ప్రచురణసంస్థను విడిచి, నేడు డి.సి. అని పిలువబడే సంస్థకు వెళ్ళారు. శ్రమ ఒకరిది, ఫలం మరొకరిది కావడం కిర్బీకి అది మొదటిసారి. చివరిసారి మాత్రం కాదు.

1942లో రోజలిండ్‌తో ఆయన వివాహం జరిగింది. అందరూ ఆమెను రోజ్ అని పిలిచేవారు. మరుసటి సంవత్సరం ఆయన సైన్యంలో చేరవలసి వచ్చింది. 1944 ఆగస్టులో నార్మండీ తీరంలో దిగి, జనరల్ పాటన్ సేనలలో పదాతి సైనికుడిగా ఫ్రాన్సులో పోరాడారు. చిత్రకారుడని తెలిసి ఒక అధికారి ఆయనను శత్రుస్థావరాలకు ముందుగా పంపి, అక్కడి భూభాగపు పటాలను గీయించేవాడట. కళకు అంతకంటె ప్రమాదకరమైన వినియోగం ఉండదేమో! ఆ శీతకాలంలో మంచుదెబ్బకు కాళ్ళు రెండూ దెబ్బతిన్నాయి. లండన్ ఆస్పత్రిలో వైద్యులు పాదాలను తొలగించాలని ఆలోచించినా, అదృష్టవశాత్తు ఆ అవసరం కలుగలేదు. 1945లో ఇంటికి తిరిగి వచ్చారు.

యుద్ధానంతరం సైమన్‌తో కలిసి 1947లో యంగ్ రొమాన్స్ అనే పత్రికను ప్రారంభించి, ప్రణయకథలకు బొమ్మల పుస్తకాలలో స్థానం కల్పించారు. 1954లో ఈ రంగానికే గడ్డుకాలం వచ్చింది. బొమ్మల కథలు పిల్లలను చెడగొడుతున్నాయని ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు గ్రంథం వ్రాశారు; అమెరికా సెనేట్ ఉపసంఘం బహిరంగ విచారణ జరిపింది. ప్రచురణకర్తలు భయపడి తమపై తామే కఠినమైన నియమావళిని విధించుకొన్నారు. అనేక సంస్థలు మూతపడ్డాయి. సైమన్, కిర్బీలు స్వంతంగా పెట్టుకొన్న సంస్థ కూడ నిలువలేదు. భార్యను, పిల్లలను పోషించవలసిన కిర్బీ, తాను ఒకనాడు విడిచి వచ్చిన సంస్థ గుమ్మమే మళ్ళీ ఎక్కారు. 1958 నాటికి అక్కడ సంపాదకుడు స్టాన్ లీ. ఆ సంస్థయే త్వరలో మార్వెల్ అయింది.

1961లో ఫెంటాస్టిక్ ఫోర్ తొలి సంచిక వెలువడింది. దాని వెంట హల్క్, థార్, ఎక్స్‌మెన్, అవెంజర్స్ వరుసగా వచ్చాయి. వీటి తయారీ విధానాన్ని కొంత వివరించడం అవసరం. మొదట లీ, కిర్బీ కలిసి కథాంశాన్ని క్లుప్తంగా చర్చించుకొనేవారు. కొన్నాళ్ళకు ఆ చర్చ నామమాత్రమైంది. తరువాత కిర్బీ ఒంటరిగా కూర్చొని కథను ఘట్టాలుగా విభజించి, పాత్రల గమనాన్ని నిర్ణయించి, పెన్సిలుతో పుటలన్నీ పూర్తిచేసి, ఏ బొమ్మలో ఏమి జరుగుతున్నదో అంచులలో వ్రాసి పంపేవారు. వాటిని చూచి లీ సంభాషణలు కూర్చేవారు. మరొకరు అక్షరాలు దిద్దేవారు. ఇంకొకరు గీతలపై సిరా వేసేవారు. ఈ పద్ధతిలో కథాకర్త ఎవరు? ఈ ప్రశ్నపై అర్ధ శతాబ్దానికి పైగా వివాదం నడిచింది. మాటల చమత్కారం, పాఠకులను పలకరించే తీరు లీవి అనడంలో సందేహం లేదు. కాని ఒక కథలో ఏది ముందు, ఏది వెనుక, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరుగెత్తాలి అని నిర్ణయించినవానిని కేవలం చిత్రకారుడనడం న్యాయం కాదని నా అభిప్రాయం. 1966లో గ్రహాలను భక్షించే గెలాక్టస్ కథను రచించినప్పుడు, చర్చలో ప్రస్తావనకే రాని ఒక పాత్ర, ఆకాశంలో పలకపై తేలివచ్చే వెండివన్నె దూత, పుటలలో ప్రత్యక్షమైంది. ఆ సిల్వర్ సర్ఫర్ పూర్తిగా కిర్బీ ఊహయేనని లీ స్వయంగా అంగీకరించారు. ఆ సంవత్సరమే వచ్చిన బ్లాక్ పాంథర్ పాత్ర, అమెరికా ప్రధాన ప్రచురణలలో నల్లజాతికి చెందిన తొలి అతిమానవ వీరుడు.

కిర్బీ ఇంటి నేలమాళిగలో, కిటికీ కూడ సరిగా లేని చిన్న గదిలో, రాత్రంతా గీసేవారు. ఆ గదికి ఇంటివారు పెట్టిన పేరు చెరసాల. 1960వ దశకం తొలి భాగంలో కొన్ని సంవత్సరాలు వేయికి పైగా పుటలు గీశారు. ఆయనకు ముట్టేది పుటకు ఇంత అనే కూలి మాత్రమే. పుస్తకం పది వేలు అమ్ముడుపోయినా, పది లక్షలు అమ్ముడుపోయినా ఆ మొత్తంలో మార్పు లేదు.

ఇంతటి ఒత్తిడిలో వార్షిక సంచికలు అదనపు భారమే. కాని వాటిలో కిర్బీకి కావలసిన విశాలత దొరికింది. నెలసరి పుస్తకంలోని ఇరవై చిల్లర పుటలలో ఇమడని కథలను వార్షిక సంచికలకు దాచేవారనిపిస్తుంది. ముక్తకానికీ ప్రబంధానికీ ఉన్న అంతరం వంటిదే ఇదీ. 1964 సంచికలో ప్రతినాయకుడైన డాక్టర్ డూమ్ పూర్వగాథను చెప్పారు. తల్లిదండ్రులను కోల్పోయిన సంచారజాతి బాలుడు ద్వేషానికి దాసుడై రాజ్యాధిపతి కావడం అందలి కథ. దానిని చదివినవారు ఆ దుష్టునిపై జాలిపడకుండా ఉండలేరు. 1965 సంచికలో రీడ్, స్యూ అనే నాయికానాయకుల పెళ్ళి. మార్వెల్ కథలలోని వీరులూ, విరోధులూ దాదాపు అందరూ ఆ పెళ్ళికి తరలివచ్చి నగర వీధులలో కలబడతారు. చివరి పుటలో మరొక ఇద్దరు అతిథులు వస్తారు. వారు స్టాన్ లీ, జాక్ కిర్బీలే! ఆహ్వానం లేదని వారిని ద్వారం వద్దనే అడ్డగించి పంపివేస్తారు. నాడు అది పాఠకులను నవ్వించడానికి చేసిన చమత్కారం. తరువాతి సంగతులు తెలిసినవారికి ఆ బొమ్మ చూడగానే మనసు చివుక్కుమంటుంది. 1968 సంచికలో ప్రసవవేదన పడుతున్న భార్యను కాపాడే పదార్థం కోసం భర్త మరొక లోకానికి ప్రయాణిస్తాడు. లోకాలు దాటే ఆ సాహసమంతా ఒక బిడ్డ క్షేమంగా పుట్టడం కోసం. వీర, అద్భుత రసాల నడుమ వాత్సల్యాన్ని ఇంత చక్కగా పోషించిన బొమ్మల కథ అరుదు.

ఈ పుస్తకాలు చౌక కాగితంపై ముద్రితమైనవి. కొయ్యగుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. వెలుతురు, వేడి తగిలితే పసుపు రంగుకు మారి, అంచులు పెళుసెక్కి రాలిపోతాయి. పైగా వాటిని పారవేయడమే నాటి ఇళ్ళలో ఆనవాయితీ. యుద్ధకాలంలో పాత కాగితం సేకరణకు లక్షల ప్రతులు బలి అయ్యాయి; 1940వ దశకం చివరలో కొన్ని ఊళ్ళలో బడిపిల్లల చేతనే వీటిని కుప్పపోసి తగులబెట్టించారు. ఇన్ని గండాలు గడచి మిగిలిన ప్రతులకు 1960వ దశకంలో విలువ తెలిసివచ్చింది. 1964 నుండి న్యూయార్క్‌లో అభిమానుల సమావేశాలు మొదలయ్యాయి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ఏ సంచిక ఏ స్థితిలో ఉంటే ఎంత పలుకుతుందో తెలిపే ధరల సూచికను ప్రచురించారు. ఆ సంవత్సరమే సాన్ డియాగో నగరంలో జరిగిన తొలి సమావేశానికి కిర్బీ అతిథిగా వెళ్ళారు. ఒకనాటి పది సెంట్ల పుస్తకానికి వందల డాలర్లు చెల్లించేవారు పుట్టుకొచ్చారు. ఆ డాలర్లు అమ్మినవానికీ కొన్నవానికీ సంబంధించినవి, గీసినవానికి కాదు.

1969లో చిన్న కుమార్తె ఆరోగ్యం కోసం కుటుంబాన్ని కాలిఫోర్నియాకు తరలించారు. మరుసటి ఏడు మార్వెల్‌ను వీడి డి.సి. సంస్థలో చేరారు. అక్కడ న్యూ గాడ్స్, ఫరెవర్ పీపుల్, మిస్టర్ మిరాకిల్ అనే మూడు పత్రికలను ప్రారంభించి, ఒకదానితో ఒకటి అల్లుకొన్న మహాగాథను తలపెట్టారు. పరస్పర శత్రువులైన ఇద్దరు దేవరాజులు సంధి నిలవడం కోసం తమ కుమారులను మార్చుకొంటారు. క్రూరుడైన డార్క్‌సైడ్ కొడుకు సజ్జనుల నడుమ పెరిగి, కడకు కన్నతండ్రినే ఎదిరించవలసిన వాడవుతాడు. పురాణేతిహాసాల పరిచయం ఉన్న మన విద్యార్థులకు ఈ కథ ఎంతమాత్రం పరాయిదిగా తోచదు. కాని అమ్మకాలు ఆశించినంతగా లేవని సంస్థ దానిని మధ్యలోనే నిలిపివేసింది. గాథ అసంపూర్ణంగా మిగిలింది.

1975లో తిరిగి మార్వెల్‌కు వచ్చారు. అప్పటికి బొమ్మల పుస్తకాలలో మరొక పోకడ బయలుదేరింది. అడుగు ఎత్తు దాటిన పెద్ద సైజు ప్రత్యేక సంచికలను ట్రెజరీ అనే పేరుతో ప్రచురించసాగారు. మామూలు పుస్తకాల కోసం చేసిన పెట్టెలలో ఇవి ఇమడవు. అందువల్ల పిల్లలు మడిచి దాచేవారు, మూలలు నలిగిపోయేవి. మడత పడని ప్రతి దొరకడం నేటి సేకర్తలకు పండుగే. అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల సంవత్సరాలు నిండిన 1976లో కిర్బీ ఈ పెద్ద సైజులో కెప్టెన్ అమెరికా కథను రూపొందించారు. అందులో నాయకుడు దేశచరిత్రలోని వివిధ కాలాలకు వెళ్ళివస్తాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను కలిసినప్పుడు, తాను జెండాను చూచి ధరించిన దుస్తులను చూచే ఆ జెండాకు నమూనా తయారవుతున్నదని గ్రహిస్తాడు! ఆ సంవత్సరమే 2001: ఎ స్పేస్ ఒడిస్సీ చలనచిత్రాన్ని కూడ ఈ ఆకారంలో చిత్రకథగా మలిచారు. సముదాయాలను, యంత్రాలను, నక్షత్రమండలాలను ఏకకాలంలో చూపగోరే ఆయన గీతకు ఆ పెద్ద పుటలు తగినట్లుగా అమరాయి.

1970వ దశకం చివరలో యానిమేషన్ రంగానికి మరలారు. బొమ్మల పుస్తకాలలో ఎన్నడూ లేని స్థిరమైన జీతం, ఆరోగ్య బీమా ఆయనకు అక్కడే లభించాయి. ఆ కాలంలోనే, మనకు ఆసక్తి కలిగించే ఒక ఘటన జరిగింది. రోజర్ జెలాజ్నీ 1967లో ప్రచురించిన లార్డ్ ఆఫ్ లైట్ నవలలో ఒక సుదూర గ్రహానికి వలస వెళ్ళిన మానవులు హిందూ దేవతల రూపాలు ధరించి పాలిస్తుంటారు. దానిని చలనచిత్రంగా తీయాలనుకొన్నవారు కిర్బీ చేత ఆలయాలు, భవనాల ఊహాచిత్రాలు గీయించారు. చలనచిత్రం తయారు కాలేదు. 1980 జనవరిలో, టెహరాన్‌లో చిక్కుకొన్న ఆరుగురు అమెరికన్ దౌత్య ఉద్యోగులను రక్షించడానికి సి.ఐ.ఏ. ఒక బూటకపు చలనచిత్ర సంస్థను సృష్టించినప్పుడు ఆ కథనూ, కిర్బీ చిత్రాలనూ వాడుకొన్నది. చలనచిత్ర బృందం వేషంలో ఆ ఆరుగురూ క్షేమంగా బయటపడ్డారు. ఆ రహస్యాన్ని ప్రభుత్వం 1997లో వెల్లడించింది. అప్పటికి కిర్బీ మరణించి మూడు సంవత్సరాలు.

ఇక మూలచిత్రాల సంగతి. కిర్బీ 1960వ దశకంలో ఎక్కువ కాలం గీసినవి దాదాపు పద్దెనిమిదిన్నర అంగుళాల ఎత్తున్న దళసరి పలకలు. వాటిని చిన్నవిగా చేసి అచ్చువేసేవారు. పని ముగిసిన తరువాత పలకలను గోదాములో పడవేసేవారు. కొన్ని పోయాయి, కొన్నింటిని ఎవరెవరికో ఇచ్చివేశారు, మరికొన్ని దొంగల పాలయ్యాయి. 1980వ దశకంలో మార్వెల్ పాత చిత్రాలను గీసినవారికి తిరిగి ఇవ్వడానికి సిద్ధపడింది. ఇతరులు ఒక పుట పత్రంపై సంతకం చేస్తే చాలు. కిర్బీకి మాత్రం నాలుగు పుటల పత్రం పంపి, దానిపై సంతకం చేస్తే 88 పలకలు ఇస్తామన్నారు. ఆయన గీసినవి పదివేలకు మించి ఉంటాయని అంచనా! తన సృష్టిపై ఏ హక్కూ కోరనని వ్రాసి ఇవ్వడానికి ఆయన అంగీకరించలేదు. ఆయన బొమ్మల పలకలు అప్పటికే బజారులో అమ్ముడుపోతున్నాయి. సమావేశాలకు వెళ్ళినప్పుడు తన చేతి గీతలే పరుల బల్లలపై ధర చీటీలతో కనిపించేవి. డెబ్బై సంవత్సరాలకు చేరువైన మనిషి ఆ దృశ్యాన్ని ఎట్లా సహించాడో!

అభిమానులు, తోటి కళాకారులు ఊరుకోలేదు. పత్రికలలో వ్యాసాలు వ్రాశారు. అనేకులు సంతకాలు చేసి విజ్ఞాపన పంపారు. సంచికలను సేకరించేవారు, వాటిని సృష్టించినవాని పక్షాన నిలిచిన సందర్భమది. చివరకు 1987లో, సవరించిన పత్రంపై సంతకం తరువాత, సుమారు రెండు వేల పలకలు కిర్బీ ఇల్లు చేరాయి. మిగిలినవి ఎక్కడెక్కడికో చెదరిపోయాయి. తిరిగి వచ్చినవాటిలో కొన్నింటిని అమ్ముకొని ఆ దంపతులు వార్ధక్యంలో కొంత నిశ్చింతగా గడపగలిగారు. ముక్కూ మొగమూ తెలియని అభిమానులు ఇంటికి వచ్చినా కిర్బీ కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవారు. రోజ్ ఏదో ఒకటి తినిపించి గాని పంపేవారు కాదు.

1994 ఫిబ్రవరి 6వ తేదీన, 76వ ఏట, థౌజండ్ ఓక్స్‌లోని స్వగృహంలో ఆయన కన్నుమూశారు. రోజ్ 1997లో మరణించారు. 2009లో ఆయన సంతానం పాత్రల హక్కుల కోసం నోటీసులు పంపారు. 2011లో క్రింది న్యాయస్థానమూ, 2013లో పై న్యాయస్థానమూ మార్వెల్ పక్షాననే తీర్పు చెప్పాయి. వ్యవహారం అమెరికా సుప్రీం కోర్టు ఎదుటికి వెళ్ళింది. దానిని విచారణకు స్వీకరించాలా వద్దా అని న్యాయమూర్తులు ఆలోచించవలసిన తేదీకి కొద్ది రోజుల ముందు, 2014 సెప్టెంబరులో, ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఆ ఒప్పందపు షరతులను బయటపెట్టలేదు. అది జరిగిన తరువాత ఫెంటాస్టిక్ ఫోర్, థార్, ఎక్స్‌మెన్ సంచికలలో సృష్టికర్తల పేర్లు చెప్పే చోట స్టాన్ లీ పేరు ప్రక్కన జాక్ కిర్బీ పేరు అచ్చు కాసాగింది.